భాష వచ్చేస్తుందేమో, జాగ్రత్త!

రెండు వారాలు పరాయి దేశం వెళ్ళి అక్కడి భాష నేర్చుకుని రావడం డబ్బు దండగ అని లెక్కల మనుషులు కొందరు చాలాకాలంగా ప్రచారం చేస్తున్నారు. లెక్కలేసేవాళ్ళకు యాత్రాయోగం ఉండదు, అది వేరే సంగతి. అయినా న్యాయం కోసం ముందు వాళ్ళ వాదన విందాం.

అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడు స్పానిష్‌లోనో ఇటాలియన్‌లోనో ఉద్యోగం వెలగబెట్టాలంటే సుమారు 600 నుంచి 750 క్లాసు గంటలు కూర్చోవాలని దాని అంచనా. జపనీస్, అరబిక్ లాంటివైతే 2,200 గంటలు. హోంవర్కు అదనం. భాషా పాఠశాలల్లో మామూలు కోర్సంటే వారానికి 20 పాఠాలు, పాఠానికి 45 నిమిషాలు. వెరసి వారానికి 15 గంటలు, రెండు వారాలకు 30. ఈ లెక్కన స్పానిష్‌కి కనీసం 20 యాత్రలు, జపనీస్‌కి 73 పైచిలుకు. ఇరవయ్యో ఏట మొదలుపెట్టి ఏడాదికోసారి క్రమం తప్పకుండా వెళ్ళినవాడు 93 దాటాక జపనీస్‌లో గడగడా మాట్లాడతాడు. ఇందులో తప్పేముందో నాకు అర్థం కాదు. కబుర్లకు తీరిక దొరికేదే ఆ వయసులో.

అసలు ఆ పాఠశాలల వైభవం లెక్కలకు అందేది కాదు. ఇటలీకే వెళ్ళారనుకోండి. మొదటిరోజు పొద్దున్నే ఒక పరీక్ష పెడతారు. ఐరోపా మండలి 2001లో ప్రచురించిన కొలబద్ద ప్రకారం భాషకు ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. మనల్ని ఏ1లో కూర్చోబెడతారు. పక్కన ఒక బ్రెజిల్ అమ్మాయి, ఎదురుగా ఒక కొరియా కుర్రాడు, ఓ మూల రిటైరైన స్విట్జర్లాండ్ పెద్దాయన. నేర్చుకుందామని వచ్చిన ఇటాలియన్ భాష ఎవరికీ రాదు, ఇంగ్లీషు అందరికీ అంతో ఇంతో వచ్చు. ఇక స్నేహం ఏ భాషలో కుదురుతుందో చెప్పాలా? క్లాసులో "నా పేరు ఫలానా" అని ఇటాలియన్‌లో గొణిగి, విరామంలో బయటికొచ్చి జీవితాశయాలన్నీ ఇంగ్లీషులో ఆరబోసుకుంటారు. మధ్యాహ్నం కలిసి మ్యూజియం, సాయంత్రం కలిసి నది ఒడ్డు, రాత్రి ఇంటికి వీడియో కాల్. ధైర్యం చేసి హోటల్లో ఇటాలియన్‌లో నోరు తెరిస్తే, వెయిటరు జాలిపడి ఇంగ్లీషులో జవాబిస్తాడు. రెండు వారాలు తిరిగేసరికి బ్రెజిల్ ఇంగ్లీషు, కొరియా ఇంగ్లీషు, స్విస్ ఇంగ్లీషు మూడూ కొట్టినపిండి. ఒక భాషకు ఫీజు కట్టి మూడు నేర్చుకొచ్చినవాణ్ణి పట్టుకుని దండగమారి అంటారా!

ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. బార్బరా ఫ్రీడ్, నార్మన్ సెగలోవిట్జ్, డాన్ డ్యూయీ అనే పరిశోధకులు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఫ్రెంచి నేర్చుకుంటున్న విద్యార్థులను మూడు జట్లుగా చూశారు: తమ కాలేజీలోనే మామూలు క్లాసులకు వెళ్ళినవాళ్ళు, ఫ్రాన్సు వెళ్ళి చదివినవాళ్ళు, స్వదేశంలోనే వేసవిలో పొద్దస్తమానం ఫ్రెంచిలోనే మునిగి తేలినవాళ్ళు. మాట ధారాళం కావడంలో అందరికన్నా ముందుకెళ్ళింది మూడో జట్టు. ఫ్రాన్సు వెళ్ళినవాళ్ళు క్లాసు బయట ఫ్రెంచి కన్నా ఇంగ్లీషే ఎక్కువ వాడామని స్వయంగా చెప్పుకున్నారు. నెలల తరబడి అక్కడున్నవాళ్ళే అంత నిగ్రహం పాటించగలిగితే రెండు వారాలవాళ్ళకు ఏం కష్టం?

అలా స్వదేశంలోనే ఉండి మునగడానికి పేరుపడ్డ చోటు అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీ. అక్కడి వేసవి భాషా పాఠశాలలు 1915లో మొదలయ్యాయి. నేర్చుకునే భాషలో తప్ప నోరు విప్పబోమని విద్యార్థులు సంతకం పెట్టాలి. ఎంత అమానుషం! వెనకాల కోట కనిపించే ఫొటో రాదు, భాష మాత్రం వస్తుంది. గిట్టుబాటయ్యే బేరమేనా?

వెళ్ళదలచినవాళ్ళకు కొన్ని హెచ్చరికలు. భాష నిజంగానే అంటుకునే పరిస్థితులు లేకపోలేదు, వాటికి దూరంగా మసలుకోవాలి. అన్నిటికన్నా ప్రమాదం, ఇంటి దగ్గరే నెలల తరబడి చదివి, ఆ ఆరింటిలో మూడోదైన బి1 మెట్టెక్కి మరీ వెళ్ళడం. అప్పటికి లోపల సరుకు పోగుపడి ఉంటుంది, నోరొక్కటే పెగలదు. అలాంటివాణ్ణి ఆ ఊళ్ళో పదిహేను రోజులు వదిలితే మాటలు వాటంతటవే బయటపడతాయి. తెలిసి తెలిసి అంత సాహసం ఎందుకు? క్రియారూపాల పట్టికలు విమానం ఎక్కాకే తెరవండి. మొదటి పాఠం ఎక్కడ చదివినా ఒకటే కదా అని లెక్కల మనుషులు అంటారు. సముద్రాలు దాటి చదివితే దాని గాంభీర్యమే వేరని వాళ్ళకెలా తెలుస్తుంది?

మధ్య అమెరికా దేశం గ్వాటెమాలాలోని యాంటిగ్వా ఊరి పేరు కూడా ఎత్తకండి. అక్కడి స్పానిష్ పాఠశాలల్లో ఒక విద్యార్థికి ఒక టీచరు ఉండటం మామూలు. రోజూ గంటల తరబడి ఎదురెదురుగా కూర్చోబెడతారు. వెనక బెంచీ ఉండదు, అందించడానికి పక్కవాడుండడు. అది చాలదన్నట్టు స్థానిక కుటుంబంలో బస ఏర్పాటు చేస్తారు. ఆ ఇంట్లో ఇంగ్లీషు ముక్క రాని పెద్దావిడ ఉన్నారంటే మీ పని అయిపోయినట్టే. ఇంకో దుప్పటి కావాలన్నా, వేడినీళ్ళు రావట్లేదన్నా ఆవిడకు అర్థమయ్యేదాకా చెప్పాలి, చెప్పాక ఆవిడ ఎదురడిగే ప్రశ్నలకు జవాబూ చెప్పాలి. ఏ టైంటేబుల్లోనూ లేని ఈ గంటలను లెక్కల మనుషులు కలపరు. వాళ్ళ లెక్క తప్పేది సరిగ్గా అక్కడే. ఆ రహస్యం వాళ్ళకు తెలియనివ్వకండి.

ఏమీ అంటకుండా క్షేమంగా బయటపడ్డవాళ్ళకు ఆఖరి శుక్రవారం సర్టిఫికెట్ ఇస్తారు. క్లాసులకు హాజరయ్యారని మాత్రమే అందులో రాసి ఉంటుంది గానీ, చూడబోయే బంధువులకు ఆ భాష రాదు కనుక ఇబ్బంది లేదు, ఫ్రేము కట్టించుకోవచ్చు. తిరిగొచ్చాక పుస్తకం ముట్టకపోతే చాలు. మరుపు మొదట్లో వేగంగా, పోనుపోను నిదానంగా సాగుతుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తనమీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే తేల్చాడు. అంటే ఈ విషయంలో ప్రకృతే మీ పక్షం. వచ్చే ఏడాది దర్జాగా మళ్ళీ ఏ1లో చేరవచ్చు. ఈసారి మీరు సీనియరు. ఇంగ్లీషొచ్చిన వెయిటరు ఏ హోటల్లో ఉన్నాడో కొత్తవాళ్ళు మిమ్మల్నే అడుగుతారు, ఇంగ్లీషులో.