హైదరాబాద్ చలికి బ్యాటరీ చావదు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ వారం మూడుసార్లు తిరిగిందీ మెసేజ్: "చలికి ఎలక్ట్రిక్ స్కూటర్ల లిథియం బ్యాటరీ గడ్డకట్టి శాశ్వతంగా పాడవుతుంది. రేంజ్ (ఒక్క ఛార్జ్‌తో నడిచే దూరం) సగానికి పడిపోతుంది. స్కూటర్‌కు దుప్పటి కప్పి, తెల్లారేదాకా ఛార్జింగ్‌లోనే ఉంచండి."

గడ్డకట్టడం అబద్ధం. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు దిగిన రోజులున్నాయి, సున్నాకు మాత్రం రాదు. ఆ చలికి బ్యాటరీలోని ద్రవం (ఎలక్ట్రోలైట్) కాస్త చిక్కబడుతుంది, అందులో ఛార్జ్‌ను మోసే లిథియం అయాన్ల నడక మందగిస్తుంది, అంతే. చలికి కొబ్బరినూనె పేరుకుందని సీసా పారేస్తామా? ఇక్కడ అంత దూరం కూడా పోదు. ఎండెక్కాక బ్యాటరీ మామూలైపోతుంది.

శాశ్వత నష్టం ఉన్నమాట నిజమే, కానీ అది సున్నా కంటే దిగువన ఛార్జ్ చేస్తే. అప్పుడు లిథియం బ్యాటరీలోని గ్రాఫైట్ పొరలోకి దూరలేక దాని మీదే లోహపు పూతలా పేరుకుంటుంది. ఆ పూత మళ్లీ పూర్తిగా కరగదు. లద్దాఖ్‌లో బండి నడిపేవాళ్లకు పనికొచ్చే జాగ్రత్త అది. మనకెందుకు?

రేంజ్ సగం పడిపోవడమూ మైనస్ 20 డిగ్రీల ముచ్చటే. మన దగ్గర పొద్దున పూట కొద్దిగా తగ్గుతుంది. టైర్లలో గాలి తగ్గినా రేంజ్ తగ్గుతుంది, కాబట్టి ముందు అది చూసుకోండి. 10 డిగ్రీలు చల్లబడితే ఒకటిన్నర, రెండు పీఎస్‌ఐ దిగిపోతుంది.

మన బ్యాటరీలకు అసలు శత్రువు మే నెల. 42 డిగ్రీల ఎండలో, అదీ నిండా ఛార్జ్‌తో గంటల తరబడి నిలిపిన బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. బండిని నీడన పెట్టి, చల్లారాక ఛార్జ్ చేయండి. దీని గురించి ఒక్క మెసేజ్ రాదు!

నాకు నిజంగా భయం వేసింది ఆ దుప్పటి మాటకే. ఛార్జ్ అవుతున్నప్పుడు బ్యాటరీ, ఛార్జర్ రెండూ వేడెక్కుతాయి, ఆ వేడి బయటికి పోవాలి. దుప్పటి దాన్ని పోనివ్వదు. బ్యాటరీలోని ఏ సెల్‌లోనైనా లోపముండి మంట పుడితే ముందు అంటుకునేదీ ఆ గుడ్డే. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి ఎగబాకి 8 మంది ప్రాణాలు తీసింది. మన అపార్ట్‌మెంట్లలో బండ్లు ఉండేది సెల్లార్‌లో, మెట్ల పక్కనే. పిల్లలు, పెద్దవాళ్లు కిందికి దిగాల్సిందీ ఆ మెట్ల మీదుగానే.

కప్పినవాళ్లెవరైనా ఉంటే, దయచేసి ఈ రాత్రే ఆ దుప్పటి తీసేయండి.