శ్రీ ట్రంపెట్ వారికి ఒక పెద్దమనిషి విన్నపం

మహారాజశ్రీ ట్రంపెట్ వారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, పై పెదవి తప్ప. తమరు క్షేమమేనా అని వేరే అడగక్కర్లేదు. రోజూ మెత్తటి గుడ్డతో ఒళ్ళు తుడిపించుకుని, మఖమల్ పరుపు మీద పడుకుని, ఈ ఇంట్లో నాకు లేని వైభోగం అనుభవిస్తున్నారు.

అసలు సంగతి ఏమిటంటే, నేనెవరో తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. మిషన్ బడి బ్యాండులో నిక్కరు వేసుకుని, స్పోర్ట్స్ డే మార్చ్‌లో తమ వంశం వారిని ఊదిన కుర్రాడు వేరు. ఇప్పుడున్నది పెద్దమనిషి. ఆఫీసులో ఒక అంతస్తు అంతా 'సార్' అంటుంది. మీటింగులో నేను ఏదో గొణిగితే అది కూడా మినిట్స్‌లోకి ఎక్కుతుంది. పెళ్ళికి వెళితే మొదటి వరసలో సోఫా, మొదటి బంతిలో ఆకు. నా జోకు సగంలో ఉండగానే తోడల్లుడు నవ్వుతాడు. నడివయసు మగవాడికి, అందులోనూ బ్యాంకు వాయిదాలు ఎగ్గొట్టని వాడికి, మన సమాజం ఇవ్వగలిగిన మర్యాదలన్నీ నాకు అందుతున్నాయి. బాకీ ఉన్నది తమరొక్కరే.

పెద్దవాడు, ఇన్నేళ్ళ తరవాత గుర్తు పెట్టుకుని వచ్చాడు, కాస్త చూసీచూడనట్టు పోదాం అన్న ఇంగితం తమరిలో మచ్చుకైనా లేదు. కొత్త పెట్టె తెరిచి, గుండెల నిండా గాలి పీల్చి, బడిలో ఆపిన చోటి నుంచే ఎత్తుకుందామని ఊదితే వంటింట్లోంచి మా ఆవిడ "మిక్సీ కాలిందా?" అని అరిచింది.

వేళ్ళను తప్పు పట్టను. అవి ఏమీ మరిచిపోలేదు. సి మేజర్ స్కేలు (పాశ్చాత్యుల సరిగమ) అనుకోగానే నాకంటే ముందు మీటల మీద నడిచిపోయాయి. మరిచిపోయింది పెదాలే. (ఇన్నేళ్ళూ అవి ఖాళీగా ఏం లేవు, అప్రైజల్ మీటింగుల్లో నవ్వుతూనే ఉన్నాయి. ఆ కండరం వేరట.) తమరికి ఉన్నవి మూడే మీటలు. నడిమిది నొక్కితే అర స్వరం దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక స్వరం, మూడోదానికి ఒకటిన్నర. ఎలా కలిపి నొక్కినా ఏడు రకాల పొడవులే వస్తాయి. మిగతాదంతా పెదాల బిగువు, ఊపిరి. ఏ మీటా ముట్టుకోకుండా అదే గొట్టంలోంచి సి, జి, పై సి, దాని మీద ఇ, ఆ పైన ఇంకో జి వస్తాయి. నేను పై జి అడుగుతాను. తమరు కింద సి ఇస్తారు. లేదా రెండిటికీ మధ్య, ఏ సంగీతంలోనూ పేరు పెట్టనిది ఒకటి ఇస్తారు. హార్మోనియాన్ని చూసి నేర్చుకోండి. నొక్కిన మెట్టు నోరెత్తి పలుకుతుంది. మా టీమ్‌లో కుర్రాళ్ళూ అంతే.

ఆ మీటలైనా తమ ఇంటికి ఆలస్యంగా వచ్చినవే. 1818లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు వాల్వుకు పేటెంటు తీసుకున్నారు. అంతకుముందు రాజుల కొలువుల్లో, యుద్ధాల్లో ఊదినవాళ్ళకు ఉన్నది ఒట్టి గొట్టం, సొంత పెదాలు. అంటే నాకు గుర్తున్న విద్య తమరి లెక్కలో అలంకారం, మరిచిపోయిన విద్యే అసలుది.

మాట తీరూ అంతే. నేను సి అని ఊదితే పక్కింటి అమ్మాయి కీబోర్డు మీద అది బి ఫ్లాట్. కాగితం మీద ఒకటి, బయటికి వచ్చేది ఇంకోటి. ఎన్నికల్లో నిలబడితే తమరికి డిపాజిట్ ఖాయం.

సరే, పెద్దరికంతో కాని పని డబ్బుతో చేయించుకోవడం మా తరానికి అలవాటే. మౌత్‌పీస్‌తో మొదలుపెట్టాను. వాటి మీద 7సి, 5సి, 3సి అని ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ గిన్నె వెడల్పవుతుంది, అక్షరం లోతు చెబుతుంది. 7సి నేర్చుకునే పిల్లలదని ఎవరో అన్నారు. హోదాకు తగ్గట్టు 3సి తెప్పించాను. ఆ తరవాత బంగారు పూతది. తమరు అదే బొంగురు గొంతును కాస్త ఎక్కువ ధరకు ఇచ్చారు. మన దేశంలో పెళ్ళి బ్యాండ్ల వాద్యాలకు పెట్టింది పేరు మీరట్‌లోని జలీ కోఠీ సందులు. బడిలో నా చేతికి ఇచ్చింది అక్కడిదే. నా ముందు ఎన్ని బ్యాచుల చేతుల్లో పడిందో, ఒళ్ళంతా సొట్టలు. అందులో పై జి అడగ్గానే పలికేది. జపాన్ నుంచి దిగిన తమరు నా క్రెడిట్ కార్డు లిమిట్ తాకారు గాని పై జి తాకలేదు.

ఇక చివరికి మిగిలింది బలప్రయోగం. మౌత్‌పీస్‌ను మూతికేసి గట్టిగా అదిమితే ఒకటి రెండు పై స్వరాలు వస్తాయి, కాకపోతే అప్పు మీద. అదిమిన చోట రక్తం ఆడదు. కాసేపటికి పెదవి మొద్దుబారి, అంతవరకు బుద్ధిగా పలికిన కింది స్వరాలు కూడా వెళ్ళిపోతాయి. మూతి మీద గుండ్రంగా ఎర్ర ముద్ర మిగులుతుంది. ఆ ముద్రతోనే సోమవారం రివ్యూకి వెళ్ళాను. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడంలోనే అందరికీ ఒక కథ తయారైపోయిందని అర్థమైంది.

తమరిని ఊదిన అమెరికా జాజ్ గొప్పవాళ్ళను మాత్రం తమరు మన్నించారా? లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పెదాలను ఏం చేశారో లోకమంతా చూసింది. ఊదేవాళ్ళకు పెదవి కండరం చిరిగితే డాక్టర్లు దానికి ఆయన ముద్దుపేరు తగిలించి 'సాచ్‌మో సిండ్రోమ్' అంటారు. చెట్ బేకర్‌ను 1966లో ఎవరో కొడితే పళ్ళు దెబ్బతిన్నాయి. కట్టుడు పళ్ళు పెట్టుకుని, ఊదడం మళ్ళీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. అంత పేరున్నవాడు, పాత పరిచయం, ఒక మెట్టు పైనుంచి మొదలుపెట్టిద్దాం అనుకున్నారా? లేదు. ఈ కథ చదివాక నాకు మాత్రం ధైర్యం వచ్చింది. నా పళ్ళు ఇంకా నావే, ఒక్క రూట్ కెనాల్ మినహా. "బుగ్గలు పొంగించకురా" అని మాస్టారు నా దవడ మీద వేలితో పొడిచేవారు. డిజ్జీ గిలెస్పీ రెండు బుగ్గలూ పొంగించి ఊది ప్రపంచమంతా చప్పట్లు కొట్టించుకున్నాడు. తమరి దగ్గర రూల్సు కూడా మనిషిని బట్టే.

తమ జాతికేమో వయసే అంటదు. 1922లో బయటపడ్డ ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిలో రెండు బాకాలు దొరికాయి, అందులో ఒకటి వెండిది. మూడు వేల ఏళ్ళకు పైగా ఎవరూ ముట్టుకోని ఆ బాకాలు 1939లో బీబీసీ రేడియోలో పలికాయి. వాటితో పాటు పూడ్చిపెట్టిన రాజుగారు మాత్రం లేచి రాలేదు.

ఇంట్లో సంగతులు వేరే రాయాలి. మా అమ్మ తమరిని చూసి "ఇత్తడేగా, కాస్త చింతపండు పెట్టి తోమితే పోలా?" అని పూజసామాను పక్కన పడేసింది. పైన వార్నిష్‌లాంటి లాకర్ పూత ఉంటుందమ్మా, పోతుందమ్మా అంటే వినదు. చివరికి గోరువెచ్చటి సబ్బునీళ్ళలో నేనే తలంటు పోశాను. మా అబ్బాయికి ఒక్క పండక్కైనా పోయలేదని ఆ సాయంత్రం గుర్తు చేశారు. ఇక నీరు తీసే మీట నొక్కి గచ్చు మీద నాలుగు చుక్కలు వదిలితే పెద్ద పంచాయితీ. అది ఉమ్మి కాదే, చాలావరకు ఊపిరిలోని ఆవిరి చల్లబడి నీరయిందే అని సైన్సు చెబుతాను. "ఎవరి నోట్లోంచి వచ్చింది?" అంటుంది మా ఆవిడ. సైన్సు అక్కడితో ఆగుతుంది.

బైబిల్లో యాజకులు పొట్టేలు కొమ్ము బూరలు ఊదుతూ యెరికో చుట్టూ ఏడు రోజులు తిరిగితే గోడలు కూలాయి. మా బిల్డర్ కట్టిన గోడలకు అన్ని రోజులు పట్టదని మా అసోసియేషన్ వారి భయం. వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన "ఎవరింట్లోనో పశువు బాధపడుతోంది, డాక్టర్‌ని పిలవండి" అని పెట్టారు. కింద దండాల వరస. తెల్లారకముందే డ్రిల్లింగ్ మిషన్ తిప్పే ఫ్లాటువారి దండం కూడా అందులో ఉంది. అప్పటినుంచి తమరి నోట్లో మ్యూట్ (చప్పుడు తగ్గించే బిరడా) కుక్కి, బీరువా తలుపులు తెరిచి, పట్టుచీరల్లోకి ఊదుతున్నాను. ధర్మవరం కంటే గద్వాల చప్పుడును బాగా పీలుస్తుంది. ఈ విషయం చేనేత శాఖ వారు ప్రచారంలో వాడుకోవచ్చు. కారులో వెళ్ళేటప్పుడు ఒట్టి మౌత్‌పీస్ పెట్టుకుని బుర్రుమనిపిస్తాను. సిగ్నల్ దగ్గర పక్క ఆటో డ్రైవరు అద్దంలోకి తొంగి చూసి, జాలిగా దారి ఇచ్చాడు.

ఈ మధ్య మా బంధువుల పెళ్ళి ఊరేగింపుకి వెళ్ళాను. డీజే బాక్సుల బండి వెనక, పెద్దవాళ్ళ తృప్తి కోసం పిలిచిన చిన్న బ్యాండు మేళం. ఎర్రకోట్లు, జరీ పట్టీలు, కోటుతో సంబంధం లేని హవాయి చెప్పులు. ట్రంపెట్ ఊదుతున్నాయన నాకంటే పెద్దవాడు. పెళ్ళికొడుకు కారు వైపు తిరిగి, గుంతల రోడ్డు మీద వెనక్కి నడుస్తూ, కొత్త సినిమా పాటలు ఒకదాని వెంట ఒకటి వాయిస్తున్నాడు. ముందు కాగితం లేదు. నాకైతే కాగితం చదవడానికి ఒక కళ్ళజోడు, దాన్ని నిలబెట్టడానికి ఒక స్టాండు, ఆ స్టాండు మీదికి ఒక లైటు కావాలి. తన మౌత్‌పీస్ నంబరు ఎంతో ఆయనకు తెలుసని నేను అనుకోను. నేను బీరువాలో తలపెట్టి కూడా తెప్పించలేని పై స్వరాన్ని దుమ్ములో, జనరేటర్ పొగలో నిలబెట్టి, దాని మీద కాసేపు ఊగి, తాపీగా దిగాడు. వీడియో తీసే కుర్రాడు ఫ్రేములో అడ్డొస్తున్నాడని ఆయన్ని పక్కకు జరగమన్నాడు. మన పెళ్ళిళ్ళలో బ్యాండు చప్పుడు ఉండాలి, బ్యాండువాళ్ళ మొహాలు మాత్రం ఆల్బంలో ఉండకూడదు. నా పెళ్ళి ఆల్బం తీసి చూశాను. అందులోనూ లేవు.

ఊరేగింపు కాస్త ఆగి, ఆయన టీ గ్లాసుతో పక్కకు వచ్చినప్పుడు వెళ్ళి పలకరించాను. నేనూ ఊదుతానని చెప్పి, జేబులోంచి 3సి తీసి చూపించాను. పెదాల కోణం, పొట్టలోంచి తీసే ఊపిరి, నాలుక ఉండాల్సిన చోటు... తెలిసిందంతా చెప్పాను. టీ అయిపోయేదాకా ఓపిగ్గా విన్నాడు.

"రోజూ ఊదుతారా సార్?"

"రోజూ ఎక్కడండీ, వీలున్నప్పుడు."

"అన్నం కూడా వీలున్నప్పుడే తింటారా సార్?"

రెండుసార్లు సార్ అన్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసులో వినే మాటే. అయినా చెవులు ఎర్రబడ్డాయి. ఆయన తమరి మనిషేనని నా అనుమానం.

అప్పటినుంచి రోజూ ఊదుతున్నాను. పాటలు లేవు. ఒక్క జి పట్టుకుని, వణక్కుండా, ఊపిరి ఉన్నంతసేపు. ఊదినంతసేపు విశ్రాంతి. మళ్ళీ అదే జి. ఇంత విసుగు పని జీతం లేకుండా చేయడం నా సర్వీసులో ఇదే మొదలు.

ఇప్పుడు అసలు విన్నపం. మా అసోసియేషన్ స్పీకర్లు వానకు తడిసి మూగబోయాయి. పశువుల డాక్టర్‌ని పిలవమన్న పెద్దాయనే నిన్న లిఫ్టులో కలిసి, "మీరేదో బూర ఊదుతారటగా, ఆగస్టు పదిహేనుకి జనగణమన కానిచ్చేయండి, ఖర్చు కూడా ఉండదు" అన్నారు. పూర్తి గీతానికి పట్టేది సుమారు 52 సెకన్లు. నా పెదవి స్టాకు కూడా ప్రస్తుతం ఇంచుమించు అంతే. చివర్లో వరసగా వచ్చే 'జయహే'ల్లో మొదటిదాని దగ్గర పైకి ఎక్కాలి. ఆ ఒక్క స్వరం చీలకుండా ఇప్పించండి. మిగతా ఏడాదంతా తమ చిత్తం.

ఇవ్వకపోయినా నాకు పెద్ద దిగులు లేదని కూడా మనవి చేసుకుంటున్నాను. ఆ 52 సెకన్లూ నాలుగు బ్లాకుల జనం అటెన్షన్‌లో నిలబడతారు. కదలకూడదు, గొణగకూడదు, చెవుల దగ్గరికి చెయ్యి పోకూడదు, ఫోను తీసి గ్రూపు తెరవకూడదు. ఇలాంటి శ్రోతలు ఆర్మ్‌స్ట్రాంగ్‌కైనా దొరికి ఉండరు.

ఇట్లు,
తమ విధేయుడు,
సి బ్లాక్, మూడో అంతస్తు

తా.క.: నడిమి వాల్వు మళ్ళీ పట్టేస్తోంది. ఆయిల్ వేశాను. అలగాలని ఉంటే ఆగస్టు 16న అలగండి.