క్వార్టరుకు గంట ఫ్యాను

మందుబాబు మీద మన సమాజానికి ఉన్న చిన్నచూపును శాస్త్రీయంగా సవరించుకోవలసిన సమయం వచ్చిందని వినయంగా మనవి చేస్తున్నాను. మద్యం కోసం, చెరకు రసం నుంచి చక్కెర తీయగా మిగిలే మొలాసిస్ నుంచి ఒక లీటరు ఆల్కహాలు తీస్తే 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ అనే వ్యర్థద్రవం మిగులుతుంది. మాడిన పాకంలా నల్లగా, పొలిమేర దాటినా వదలని కంపుతో ఉండే ఆ ద్రవాన్ని గాలి చొరని ట్యాంకుల్లో సూక్ష్మజీవులకు వదిలితే, అవి దానిని తిని మీథేను అనే మండే వాయువును విడుస్తాయి. తాగేది ఒకరు, అరిగించుకునేది వేరొకరు.

నేను కాగితం మీద లెక్క వేశాను. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో అసలు ఆల్కహాలు సుమారు 77 మిల్లీలీటర్లు. దాని వెనుక డిస్టిలరీలో మిగిలేది దాదాపు లీటరు స్పెంట్ వాష్. అందులోని సేంద్రియ భారం, కెమికల్ ఆక్సిజన్ డిమాండ్ లెక్కన, అంటే దానిని పూర్తిగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ లెక్కన, 100 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులు గ్యాసుగా మారినా, దానితో జనరేటరు నడిపితే 75 వాట్ల సీలింగ్ ఫ్యాను సుమారు గంటసేపు తిరుగుతుంది. కాబట్టి సాయంత్రం వైన్‌షాపు ముందు నిలబడ్డ మనిషిని తాగుబోతు అనడం అన్యాయం. ఆయన చిన్నతరహా విద్యుదుత్పత్తిదారు. ఇన్నాళ్లూ ఆయన ఖజానాను మాత్రమే నిలబెడుతున్నాడనుకున్నాం.

ఈ దృష్టితో చూస్తే మన చరిత్రను కూడా తిరగరాయాలి. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరగబడిన మహిళలు నిజానికి పునరుత్పాదక ఇంధనం మీద చెయ్యి చేసుకున్నారు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మీథేను గొంతు నొక్కింది. 1997లో దానిని ఎత్తివేసినప్పుడు ఆదాయం కోసమేనని లోకం అపార్థం చేసుకుంది గానీ, అందులోని పర్యావరణ స్పృహను ఎవరూ గుర్తించలేదు.

నీటి సంగతి ఇంకా రమ్యమైనది. గ్యాసు తీశాక కూడా ఆ నలుపు పోదు. ఆ రంగునిచ్చే మెలనాయిడిన్లు అనే పదార్థాలు సూక్ష్మజీవులకు సైతం కొరుకుడు పడవు. అందుచేత దానిని మరిగించి, చిక్కబడ్డ భాగాన్ని బాయిలరులో కాలుస్తారు, లేదా చక్కెర మిల్లు మడ్డితో కలిపి కంపోస్టు చేస్తారు. చల్లార్చిన ఆవిరిని శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటారు. చుక్క కూడా గేటు దాటకూడదన్నది నియమం. ఇది నిజంగా మంచి పని, ఇందులో వెటకారం లేదు. తనిఖీ లేని రాత్రులలో కూడా ఆ యంత్రాలు నడిచేటట్లయితే.

అయితే ఆ శుద్ధమైన నీరు వెళ్లేది కర్మాగారం కూలింగ్ టవరుకే, ఆ గ్యాసు మండేది కర్మాగారం బాయిలరులోనే. తన చెత్తను తానే ఎత్తుకున్నవాడికి సన్మానం చేయడం మన సంప్రదాయమే గనుక దానిమీద నాకు అభ్యంతరం లేదు. కానీ, నేను అంత శ్రమపడి లెక్క వేసిన ఫ్యాను మాత్రం ఏ ఇంట్లోనూ తిరగడం లేదు.

ఇందుకు నాదొక ప్రతిపాదన. నెలాఖరున ఖాళీ క్వార్టరు సీసాలను కరెంటు ఆఫీసులో చూపిస్తే, సీసాకు గంట చొప్పున బిల్లులో తగ్గించాలి. దరఖాస్తు ఆ ఇంటి ఇల్లాలి పేరుతోనే తీసుకోవాలి. బిల్లు కట్టడానికి ఆమె దగ్గర డబ్బు లేదు. సీసాలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి.