నూట పదహారు కుట్లు

విశాఖపట్నంలో చలికాలం లేదని ప్రచారం చేసేవాళ్లు ఈ ఊరికి శత్రువులు. మాకు చలికాలం ఉంది. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 18 డిగ్రీల దాకా దిగజారుతుంది. ఆ దారుణానికి తట్టుకోలేక బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడిచే పెద్దమనుషులు మంకీ క్యాపులు తొడుక్కుని, కళ్లు మాత్రం బయటపెట్టి, లోపల కారే చెమటను ఓర్చుకుంటూ నడుస్తారు. ఇలాంటి ఊళ్లో స్వెట్టర్లు అల్లే ఆడవాళ్లని చూసి కొందరు నవ్వుతున్నారు. వాళ్లకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. నేను రిటైరయ్యాను కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది.

సిమ్లాలో స్వెట్టర్ అల్లితే అది కళ ఎలా అవుతుందండీ? అల్లకపోతే అక్కడ పిల్లాడికి జలుబు చేస్తుంది. విశాఖలో అల్లకపోతే ఎవరికీ ఏమీ కాదు. తొడిగితేనే పిల్లాడికి చెమటకాయలు లేస్తాయి. ఏ అవసరమూ లేకుండా, ఎవరూ అడక్కుండా, పుచ్చుకున్నవాడు ఏమనాలో తెలియక నీళ్లు నమిలేలా చేసే పనిని కదా శుద్ధమైన కళ అంటారు! ఈ విషయంలో ఊలుకు పోటీ వచ్చేది ఒక్క కవిత్వమే.

మా ఇంటికి ఈ కళ స్టీల్ ప్లాంటు వాళ్ల ఉక్కునగరం మీదుగా వచ్చింది. మా మరదలు వాళ్లు అక్కడ క్వార్టర్స్‌లో ఉండేవారు. పక్కింట్లో పంజాబీ ఆవిడ. డిసెంబరు రాగానే పుట్టింటి అలవాటు మానలేక మెట్ల మీద ఎండలో కూచుని టకటకా అల్లేసేదట. విశాఖలో ఎండను వెతుక్కుంటూ వెళ్లి కూచున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. రెండు రోజులు చెల్లెలింట్లో ఉండి వస్తానని వెళ్లిన మా ఆవిడ పదో నంబరు సూదుల జతతో, ఎనిమిది లడీల, అంటే ఎనిమిది దారపు చుట్టల, ముదురు నీలం ఊలుతో దిగింది.

ఈ నంబర్లలోనే పెద్ద కిటుకుంది. మన దుకాణాల్లో ఇప్పటికీ పాత ఇంగ్లీషు కొలతలే నడుస్తాయి. ఎనిమిదో నంబరు సూది నాలుగు మిల్లీమీటర్ల మందం, పన్నెండో నంబరుది మూడు కూడా ఉండదు. ఆఫీసుల్లో హోదా పెరిగేకొద్దీ పని తగ్గుతుందే, అదే లెక్క.

మొదటి రోజు సూది మీద ఎన్ని కుట్లు ఎక్కించావని అడిగాను.

"నూట పదహారు."

"స్వెట్టరా, పంతులుగారి సంభావనా?"

"అంచు పట్టీకి రెండు నిట్, రెండు పర్ల్. నాలుగుతో భాగారం పోవాలి. మీరు కాసేపు మాట్లాడకండి."

నాలుగు ఇరవైతొమ్ముల నూట పదహారు. మనవాళ్లు పెళ్లిళ్లలో చదివించే అంకె వెనక ఇంత శాస్త్రం ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆవిడ పెదవులు కదులుతున్నంతసేపు ఎవరూ నోరు విప్పకూడదు. కుక్కర్ ఐదో విజిల్ వేసిందని చెప్పబోయాను. "డెబ్బై రెండు... డెబ్బై మూడు..." అంటూ చూపుడు వేలు ఎత్తింది. ఆ పూట పప్పు మాడింది గానీ లెక్క తప్పలేదు.

ఉన్నవి రెండే కుట్లు: నిట్, పర్ల్. నిట్‌ను వెనక్కి తిప్పి చూస్తే పర్ల్, పర్ల్‌ను తిప్పితే నిట్. రెండూ ఒకటేనని నిరూపించడానికి మన పెద్దలు భాష్యాలు రాసుకున్నారు. మా ఆవిడ సీరియల్ చూస్తూ నిరూపించేసింది.

ఐరోపాలో ఒకప్పుడు అల్లిక సంఘాల్లో మగవాళ్లే ఉండేవారనీ, ఏళ్ల తరబడి శిష్యరికం చేస్తేగాని ఉస్తాదు అనిపించుకునేవారు కాదనీ ఎక్కడో చదివి, ఊరుకోలేక ఆవిడకి చెప్పాను. మారు మాట్లాడకుండా సూదులు నా చేతిలో పెట్టింది. ఇరవై కుట్లతో మొదలుపెట్టాను. ఆరో వరసకి ఇరవై ఏడయ్యాయి. ఆ ఏడూ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇప్పటికీ అంతుబట్టలేదు. ఇవే బ్యాంకులో వచ్చి ఉంటేనా!

దాంతో నన్ను స్టాండుగా నియమించారు. ఊలు లడీ విప్పి నా రెండు చేతులకీ తగిలించి, అటు కొస పట్టుకుని ఆవిడ ఉండ చుడుతుంది. చేతులు చాచి, మోచేతులు దించకుండా, దారం వెళ్లేవైపు మణికట్టు వంచుతూ కూచోవాలి. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెడుతుంది. టీవీలో వికెట్ పడ్డా చప్పట్లు కొట్టడానికి వీల్లేదు.

ఒకసారి ధైర్యం చేసి, రోడ్డు పక్కన టిబెట్ వాళ్లు అమ్మే స్వెట్టర్ మన ఊలు ఖరీదు కంటే తక్కువకే వస్తుంది కదా అన్నాను. వాటిలో చాలామటుకు లూధియానా మిషన్ల మీద దిగినవేనంది. 1589లో విలియం లీ అనే ఇంగ్లీషు ఆయన మేజోళ్లు అల్లే యంత్రం తయారుచేస్తే, చేత్తో అల్లుకుని బతికే నా ప్రజలు ఏమైపోవాలని మొదటి ఎలిజబెత్ రాణి పేటెంటు ఇవ్వనందని చెబుతారు. మా ఇంట్లో రాణీగారి తీర్పే ఇప్పటికీ చెల్లుతోంది.

సంక్రాంతికి నర్సాపురం నుంచి మా అత్తగారు వచ్చారు. లేసు అల్లికలో పుట్టి పెరిగిన మనిషి. ఒక్క కొక్కెంతో, ఒక్కో కుట్టూ అక్కడికక్కడే ముగించుకుంటూ పోయే క్రోషియా ఆవిడది. "రెండు పుల్లలు పట్టుకుని, కుట్లన్నీ వేలాడేసుకుని, ఇదేం పనే తల్లీ!" అన్నారు. శైవ వైష్ణవాల తర్వాత అంతటి తగాదా ఆంధ్రదేశంలో మా హాల్లోనే జరిగింది. నేను ఇరుపక్షాలకూ కాఫీలు అందించాను.

ఈలోగా స్వెట్టర్‌కి శాస్త్రీయ సమర్థన దొరికింది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదట. ఇక్కడ సముద్రపు గాలికి ఉప్పు డబ్బా కూడా ఏడుస్తుంది. అంచేత స్వెట్టర్ అవసరం సిమ్లా కంటే విశాఖకే ఎక్కువని మేడ మీది వాళ్లకి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. కిందికొచ్చి ఊలు చీటీ చూస్తే నూటికి నూరు శాతం యాక్రిలిక్. అంటే దానికి గొర్రెతో పరిచయమే లేదు. పుట్టుక పెట్రోలియం. ఆ లెక్కన మా మల్కాపురం రిఫైనరీకి దూరపు చుట్టం. తేమను పీల్చే గుణం అందులో దాదాపు లేదు. మేడ మీది వాళ్లకి ఈ సంగతి చెప్పలేదు.

స్వెట్టర్ ఏప్రిల్లో పూర్తయింది. ఫ్యాను ఐదులో పెట్టి తొడిగి చూపించాను. ప్రజాజీవితంలోకి మాత్రం డిసెంబరులో, లంబసింగిలో వచ్చింది. రాత్రి రెండింటికి బయల్దేరి పొద్దుటికి పొగమంచులోకి వెళ్లాం. మూడు ఫొటోలు దిగాం. తొమ్మిదింటికల్లా ఎండ పడి, పదింటికి స్వెట్టర్ నడుముకి చేరింది. ఆరు నెలల అల్లిక, నాలుగు గంటల చలి. ఆ తర్వాత దాన్ని కలరా ఉండలతో బీరువా పై అరలో పెట్టారు. ఆ అరలో అంతకుముందు నా పాంట్లు ఉండేవి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మధ్యాహ్నానికి మా పడమటి కిటికీ అద్దం పగిలి వాన అడ్డంగా హాల్లోకి కొట్టింది. దుప్పట్లు కుక్కితే గాలి లాగేసింది. మా ఆవిడ బీరువా తెరిచి నీలం స్వెట్టర్ తీసి, చుట్టచుట్టి ఆ కంతలో బిగించింది. పట్టుకుంది! నూట పదహారు కుట్లలో ఒక్కటీ జారలేదు. మూడు రోజులు కరెంటు లేని చీకట్లో ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ కిటికీ చూపించాను.

నాలుగో రోజు దాన్ని ఊడదీస్తే ఒక చెయ్యి మోకాలి దాకా సాగిపోయింది, ఒళ్లంతా గాజుముక్కలు. పారేద్దామన్నాను. మా ఆవిడ ముక్కలన్నీ ఏరి, ఉతికి, ఆరేసి, మెడ దగ్గర కొస పట్టుకుని మొత్తం విప్పడం మొదలుపెట్టింది.

"ఏమండీ, చేతులు చాపండి."