సవరణ: జరపాల్సింది రోడ్డును కాదు, చిత్రాన్ని

ఎవరైనా దిద్దగలిగే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసిన రోడ్డు ఉపగ్రహ చిత్రంలోని రోడ్డుతో కలవకపోతే గీతను జరపాలని ముందటి పోస్టులో ఉంది. అది సరికాదు. చాలాసార్లు పక్కకు జరిగి ఉండేది చిత్రమే. కొండ ప్రాంతాల్లో కొన్ని మీటర్ల తేడా మామూలే.

ముందు ఆ దారిలో వేర్వేరు వాళ్లు ఎక్కించిన జీపీఎస్ ట్రాక్‌లు (వాళ్లు వెళ్లిన దారి నమోదులు) తెరిచి చూడండి. ఒక్కదాన్నే నమ్మొద్దు, ఎత్తైన భవనాల మధ్య అదీ దారి తప్పుతుంది. నాలుగైదు ట్రాక్‌ల నడుమ గీత పోతుంటే దాన్ని ముట్టుకోకండి. ఐడీ ఎడిటర్‌లో (బ్రౌజర్‌లోనే పటం దిద్దే సాధనం) బ్యాక్‌గ్రౌండ్ సెట్టింగ్స్‌కి వెళ్లి చిత్రాన్నే ట్రాక్‌ల మీదకు జరపండి. ఇళ్లు గీయడం ఆ తర్వాతే.

గూగుల్ మ్యాప్స్ చూసి మాత్రం దిద్దొద్దు, లైసెన్సు ఒప్పుకోదు. మైక్రోసాఫ్ట్ వారి బింగ్ చిత్రాలు చూసి గీయడానికి 2010 నుంచి అనుమతి ఉంది.

ఇప్పటికే రోడ్లు జరిపినవాళ్లు దయచేసి ఆ మార్పుల్ని వెనక్కి తీసుకోండి.