అనుమతిస్తే బాట పడింది

న్యూయార్క్ నగరంలో మౌంటెన్ బైకులకు, అంటే కొండబాటల్లో తొక్కే సైకిళ్లకు, చట్టబద్ధమైన తొలి బాటలు 2007లో తెరుచుకున్నాయి. మన్‌హటన్ దీవి ఉత్తర భాగంలో, హార్లెం నదికి ఆనుకుని కొండవాలు పొడవునా సాగే హైబ్రిడ్జ్ పార్కులో అవి ఉన్నాయి. ఆ బాటలు వేసింది ఆ సైకిళ్లు తొక్కేవాళ్లే. సెలవు దినాల్లో పలుగూ పారా పట్టుకొచ్చి, చెత్త ఎత్తి, రాళ్లు పేర్చి, కూలి అడగకుండా వేశారు. పార్కుల నిర్వహణ అంటే టెండరు, బిల్లు, ప్రారంభోత్సవ శిలాఫలకం అనుకునే మన పురపాలకులు ఆ పార్కు కథను ఒకసారి చదవాలి.

అది చరిత్ర లేని చోటేమీ కాదు. క్రోటన్ నది నీటిని మన్‌హటన్‌కు చేర్చడానికి 1848లో పూర్తయిన హైబ్రిడ్జ్ వంతెన పేరే పార్కుకు వచ్చింది. ఇప్పటికీ నిలిచి ఉన్న న్యూయార్క్ వంతెనల్లో అదే పాతది. పక్కనే 1872 నాటి నీటి బురుజు. ఒకప్పుడు జనం షికారుకు వచ్చిన ఆ వంతెనపై 1970 ప్రాంతంలో రాకపోకలు ఆపేశారు. 1975 నాటికి నగరమే దివాలా అంచుకు చేరింది. ఖర్చు తగ్గించుకోవాలంటే ఏ సర్కారుకైనా ముందు కనబడేది తోటమాలి జీతమే. కాపలా పోయింది, దీపాలు పోయాయి. ఇక ఆ వాలు ఊరందరి చెత్తకుప్ప అయింది. దొంగిలించిన కార్లను పైనుంచి తోసేసేవారు. పొదల్లో వాడి పారేసిన సిరంజీలు, టైర్లు, పరుపులు. పార్కు పక్కనే ఇల్లున్నా పిల్లల్ని అటు పంపడానికి తల్లిదండ్రులు జంకే పరిస్థితి.

సైకిలిస్టులు అక్కడికి సంఘసేవ చేద్దామని వచ్చారని మేము నమ్మబోము. వాళ్లకు తొక్కడానికి చోటు కావాలి. నగర పార్కుల్లో అడవి బాటలపై అప్పటిదాకా సైకిలు నిషిద్ధం. ఆ నిషేధం వెనుక కారణమూ ఉంది: అడ్డదిడ్డంగా తొక్కితే నేల కోసుకుపోతుంది, నడిచేవాళ్లు బెదురుతారు. అమెరికాలో ఈ తగువు పాతదే. కాలిఫోర్నియాలో ఒక్కో కొండబాటా సైకిళ్లకు మూసుకుపోతుంటే 1988లో అక్కడి క్లబ్బులు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘాన్ని పెట్టుకున్నాయి. బాట మీద హక్కు అడగాలంటే బాట బాగోగులూ చూడాలన్నది ఆ సంఘం మొదటినుంచీ పట్టుకున్న సూత్రం. న్యూయార్క్‌లోనూ స్థానిక క్లబ్బు అదే బేరం పెట్టింది. శుభ్రం చేస్తాం, బాట వేస్తాం, ఆ తర్వాతా చూసుకుంటాం, తొక్కనివ్వండి అంది. పార్కుల శాఖ సరేనంది. మా దృష్టిలో ఈ కథలో అరుదైన సంగతి ఆ 'సరే'నే. ఉత్సాహవంతులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

పని కూడా ఆషామాషీగా చేయలేదు. కొండవాలు బాటకు అసలు శత్రువు చక్రం కాదు, నీరు. నిలువునా కిందికి దిగే బాట వానాకాలం వచ్చిందంటే వాగే. అందుకే బాటను వాలుకు అడ్డంగా తీస్తారు. బాట ఎక్కుడు కొండ వాలులో సగానికి మించకూడదని, మొత్తం మీద నూరడుగులకు 10 అడుగుల ఎత్తు దాటకూడదని లెక్క. అంచును బయటివైపు కొద్దిగా వంచుతారు, వాకిలికి మేస్త్రీ వాటం పెట్టినట్టు. నడుమ నడుమ చిన్న పల్లాలు వదిలితే నీరు పోగుపడకుండా పక్కకు జారిపోతుంది. వానపడి నేల మెత్తబడిన రోజున సైకిలు తీయకూడదన్నది వాళ్లకు వాళ్లే పెట్టుకున్న కట్టుబాటు. తడినేలపై పడ్డ ఒక్క టైరు గాడి చాలు, తర్వాతి వానకు కాలువ కావడానికి. అక్కడి బాటల పొడవు కొద్ది మైళ్లే. పొడవు కంటే అవి నిలబడ్డ తీరు ముఖ్యం.

ఇదంతా సైకిలిస్టుల ఘనతే అంటే అబద్ధమవుతుంది. 1995లో నటి బెట్ మిడ్లర్ స్థాపించిన న్యూయార్క్ రెస్టొరేషన్ ప్రాజెక్టు కూడా అక్కడ చెత్త ఎత్తింది. మరమ్మతులు పూర్తయి 2015లో పాత వంతెన మళ్లీ తెరుచుకుంది. 2016లో నగరం ఈ పార్కుకు 3 కోట్ల డాలర్లు ప్రకటించింది. జనం అడుగుపెట్టాక డబ్బు వచ్చింది, వరుస అదే. డొమినికన్ వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట అది. ఖరీదైన సైకిళ్లతో బయటివాళ్లు వచ్చి ఆడుకునే మైదానంగా పార్కు మారితే ఆ పేటకు ఒరిగేదేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. పొదల్లో తలదాచుకున్న నిరాశ్రయులు ఎటు పోయారన్నదీ అడగాల్సిందే. పార్కు బాగుపడిందన్న సంబరంలో ఈ లెక్క ఎవరూ వేయరు.

ఇక మన సంగతి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ ట్రాక్ 2023లో ప్రారంభమైంది. మంచిదే, కానీ అది సర్కారు కట్టి ఇచ్చినది. పాడైతే బాగుచేయాల్సిందీ సర్కారే. నగరం చుట్టూ కండ్లకోయ, నారపల్లి వంటి చోట్ల అటవీ ఉద్యానాలున్నాయి, విశాఖకు కంబాలకొండ ఉంది. ఇలాంటి చోట్ల తెల్లవారుజామున నడిచేవాళ్లకు, తొక్కేవాళ్లకు ఏ మలుపులో నీరు నిలుస్తుందో, ఏ గట్టు జారుతోందో అధికారుల కంటే బాగా తెలుసు. వాళ్లు పార పడతామంటే ఏ కాగితం మీద, ఎవరి సంతకంతో పట్టాలో చెప్పే పద్ధతి ఉండాలి. స్వచ్ఛంద సేవ అంటే చీపురు పట్టుకుని ఫొటో దిగడం వరకే కాకూడదు.

కార్పొరేషన్లు, అటవీ శాఖ చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఆసక్తి ఉన్న క్లబ్బుతో ఒక్క బాటకు మూడేళ్ల ఒప్పందం రాసుకోవాలి. వన్యప్రాణులు తిరిగే చోటు మినహాయించి హద్దులు గీయాలి. పనిముట్లు శాఖ ఇవ్వాలి, గాయపడితే బీమా ఉండాలి, నడకదారుల మాటా ఒప్పందంలో చేరాలి. వచ్చినవాళ్లున్నారు కదా అని ఉన్న తోటమాలిని తీసేసే తెలివి మాత్రం చూపకూడదు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి, ఇంజనీరు స్వయంగా ఆ బాట మీద నడిచి చూడాలి.