డీఎన్‌ఏ కలిస్తే ఇక కోర్టు అక్కర్లేదా?

"డీఎన్‌ఏ అబద్ధం చెప్పదు, ఒక్క వెంట్రుక చాలు, కలిసిందంటే వాడే చేసినట్టు, ఇంకా విచారణలు ఎందుకు" అనే మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. దాని వెనకున్న కోపం నాకూ ఉంది, కానీ రాసింది మాత్రం తప్పు.

అబద్ధం చెప్పదన్నారు. సరే, దాన్ని ల్యాబ్ దాకా చేర్చేది మనుషులే కదా! రక్తం అంటిన బట్టను తడిగానే ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. నీడన ఆరబెట్టి, దేనికది విడిగా కాగితం కవర్లో పెట్టి సీలు వేయాలి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసిపెట్టాలి. ఇది చేయకపోతే ఏమవుతుందో ఢిల్లీ ఛావ్లా కేసులో చూశాం. 2012లో 19 ఏళ్ల అమ్మాయిని ఎత్తుకెళ్లి చంపేశారు, డీఎన్‌ఏ రిపోర్టు ఉంది, కింది కోర్టు ముగ్గురికి ఉరిశిక్ష వేసింది, హైకోర్టు కూడా ఖరారు చేసింది. తీరా చూస్తే ఫిబ్రవరి 14, 16 తేదీల్లో నిందితుల దగ్గర తీసిన శాంపిళ్లు 27న గానీ ల్యాబుకు వెళ్లలేదు, అన్నాళ్లూ స్టేషన్ మాల్‌ఖానాలోనే, అంటే స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలోనే ఉన్నాయి. మరికొన్ని లోపాలతో పాటు ఇదీ ఎత్తిచూపి సుప్రీంకోర్టు 2022 నవంబరు 7న ముగ్గురినీ విడుదల చేసింది. వాళ్లు చేయలేదనుకుంటే అన్నేళ్లు అన్యాయంగా జైల్లో మగ్గారు, చేశారనుకుంటే ఆ అమ్మానాన్నలకు ఏం చెప్తాం? ఎటు చూసినా కడుపు రగిలిపోతుంది.

ఒక్క వెంట్రుక సంగతి. కుదురుతో ఊడిన వెంట్రుకైతేనే మామూలు పరీక్షకు పనికొస్తుంది. కుదురు లేకపోతే సాధారణంగా దొరికేది తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ, అది ఒక తల్లి పిల్లలందరికీ ఒకేలా ఉంటుంది, అన్నదమ్ముల్లో ఎవరిదో తేల్చదు.

ఇక "వాడే చేసినట్టు". గ్లాసు మీద నా డీఎన్‌ఏ ఉంటే అది నాదని తెలుస్తుంది, ఎప్పుడు, ఎలా అంటుకుందో తెలియదు. అత్యాచారం కేసులో వీర్యం దొరికితే దాని బరువు వేరే, నిజమే, అయినా శాంపిల్ మారలేదని, కలుషితం కాలేదని ముందు నిరూపించాలి, అందుకే విచారణ.

తమిళనాడు జంట హత్య కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. శాంపిల్ 48 గంటల్లో ల్యాబుకు చేరాలి, ఆలస్యమైతే కారణం రాయాలి, ట్రయల్ కోర్టు అనుమతి లేకుండా సీలు విప్పకూడదు, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టర్లో ఎక్కించాలి. ఆ రిజిస్టర్ లేకపోతే దర్యాప్తు అధికారే సంజాయిషీ ఇచ్చుకోవాలి.